కుట్టని ఆఖరి వారం

ఇవాళ కూడా వస్తుంది, రాకుండా ఎక్కడికి పోతుంది, ఇన్ని ఆదివారాలు తప్పని మనిషి ఈ ఒక్క ఆదివారం ఎందుకు తప్పుతుంది, కాకపోతే ఏ వేళకి వస్తుందో అదే తెలియదు, అందుకే లోకేశ్వరి తెల్లవారుతూనే లేచి తల దువ్వుకుని, ఉన్నవాటిలో కాస్త కొత్తగా కనబడే ఆకుపచ్చ చీర కట్టుకుని, ఇంటికి తాళం వేసి, మెట్లు దిగాక మళ్ళీ పైకి పోయి తాళం లాగి చూసుకుని, పార్కు గేటు తీసేవాడికంటే ముందే వచ్చి నిలబడింది, వాడు వింతగా చూశాడు, చూస్తే చూశాడు, ఇప్పుడు సిమెంటు బల్ల మీద కూర్చుని ఎదురుగా రేకుల కప్పు కింద ఉన్న అద్దాల బీరువా మీదే కళ్ళు పెట్టుకుని ఉంది, ఆ బీరువా ఒకప్పుడు మందుల షాపుది, షాపు ఎత్తేసినాయన ఇంట్లో చోటు లేక కాలనీ సంఘానికి ఇచ్చేశాడు, సంఘం వాళ్ళు దాన్ని ఇక్కడ నిలబెట్టి, మీరు చదివిన పుస్తకాలు పెట్టండి, కావలసినవి తీసుకుపోండి అని కాగితం అంటించారు, పై అర అద్దం మీద దగ్గు మందు స్టిక్కరు మాత్రం ఎంత గీకినా సగమే ఊడింది, మిగిలిన సగంలో ఎవరి పిల్లో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది, నవ్వు తల్లీ నవ్వు, నీకేం, మందు తాగిన దానివి, అదిగో మునిరామయ్య వచ్చాడు, సంఘానికి అధ్యక్షుడు, నడక మొదలు పెట్టేముందు బీరువా తలుపు తీసి ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఆయనకు కాళ్ళు సాగవు, పుస్తకాలు పెట్టండ్రా నాయనా అంటే పాత దేవుడి క్యాలెండర్లు తెచ్చి పెడతా ఉండారు, సామి బొమ్మను చెత్తలో వేసే ధైర్యం ఈ తిరపతిలో ఒక్కడికీ లేదు, అందరి పాపమూ నా నెత్తినేనా అప్పా, అని గోడకో చెట్టుకో చెప్పుకుంటూ ఒక క్యాలెండరు చుట్ట తీసి చంకలో పెట్టుకుని, ఏమ్మా లోకేశ్వరమ్మా, టిపినయిందా, ఇంత పొద్దున్నే వచ్చినావే అన్నాడు, ఆఁ అయింది అన్నది లోకేశ్వరి, అవలేదు, పొయ్యే వెలిగించలేదు, ఆయన ఇంకో మాట కోసం ఒక్క క్షణం ఆగి, ఏమీ రాకపోయేసరికి చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

మొదటిసారి ఆ పుస్తకం కనబడ్డ రోజు కూడా ఆదివారమే, బ్యాంకు పరీక్షల గైడ్లు, ఇంటర్ ఫిజిక్సు, ఎవరిదో కంప్యూటర్ కోర్సు, వాటి మధ్య కింది అరలో క్యాలెండరు కాగితం అట్ట వేసిన ఒక పలచటి కట్ట, చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, పేజీ తిప్పనక్కర్లేదు, దబ్బనంతో పొడిచి గోనె దారంతో కుట్టిన కుట్టు, సీరియలు, వారపత్రిక ఇంట్లో అందరూ చదవడం అయ్యాక సీరియలు పేజీలు మాత్రం జాగ్రత్తగా చింపి, వారం మీద వారం పేర్చి కుట్టుకుని, దాన్నే పుస్తకం అనుకునేవాళ్ళు ఆ కాలపు ఆడవాళ్ళు, అచ్చయిన పుస్తకం కొనగలిగిన వాళ్ళు కూడా ఇలాగే కుట్టుకునేవాళ్ళు, కొన్నదానిలో ఏముంది, ఇది వారం వారం ఎదురు చూసి సంపాదించుకున్నది, అట్ట తీసి చూస్తే పేరున్న మొదటి పేజీ పోయింది, రెండో పేజీలో మందాకిని, అయ్యో మందాకిని, పులికాట్ చెరువు మధ్య లంకలో పంతులమ్మ ఉద్యోగానికి వచ్చి, మొగుడు కోపం చేసుకుని పోతే పడవల రేవుకు రోజూ వచ్చి నిలబడే మందాకిని, పుత్తూరులో అక్కా తనూ పత్రిక కోసం కొట్టుకున్న మందాకిని, అక్క పంకజాక్షి పెద్దది కాబట్టి ముందు చదివేది, చదివి ఊరుకునేదా, ఒసే లోకా, ఈ వారం పడవ బోల్తా పడిందే, జెప్పేదా, జెప్పేదా, అని ఇల్లంతా తిరిగేది, చెప్పొద్దే నీకు దండం పెడతా అని తను చెవులు మూసుకునేది, వాళ్ళ వీధిలో కాలో చెయ్యో విరిగి కట్టు కట్టించుకోను వచ్చేవాళ్ళ జట్కాలు ఆగేవి, వాళ్ళ ఏడుపుల మధ్య మందాకిని ఏడుపు వేరే వినబడేది, నలభై ఏళ్ళ కిందటి సంగతి, పార్కులో నిలబడి ఒక పేజీ, ఇంకో పేజీ, ఎండ నెత్తికెక్కిందాకా చదువుతూనే ఉండిపోయింది.

మాట్లాడే మనిషి ఉంటే ఆ సంగతి చెప్పేది కదా, ఎవరితో చెప్పాలి, చిత్తూరులో ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా ఉన్నన్నాళ్ళూ చెవులకు తెరిపి లేదు, మేడం చట్నీలో ఉప్పు లేదు, మేడం మా మామ వచ్చినాడు ఊరికి పంపండి, మేడం గదిలో తేలు, తేలు కాదే అది జెర్రి, మేడం మేడం మేడం, ఒక్క గంట నోరు మూసుకోని ఉంటారా మీకు పుణ్యముంటుంది అని ఎన్నిసార్లు అరిచిందో, ఇప్పుడు మూసుకున్నారు, అందరూ ఒక్కసారే మూసుకున్నారు, పెళ్ళి సంగతి నాయన పోయాక ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు, రిటైరైన వారానికి అక్క ఫోను చేసి, ఆ చిత్తూరులో ఒక్కదానివి ఏం జేస్తావే, ఈడ తిరపతిలో మా వీధి ఎనకాల మిద్దె మీద పోర్షను కాళీగా ఉండాది, వచ్చెయ్, దినామూ కూసోని మాట్లాడుకుందాం అంటే, నిజమే కదా అని సామాను లారీకెక్కించింది, గిన్నెలు అలమరలో సర్దకముందే అక్క కూతురికి నొప్పులు వచ్చాయి, అక్క బెంగుళూరు పోయింది, ఆర్నెల్లేనే అన్నది, పిల్లవాడికి పళ్ళు వచ్చాయి, నడక వచ్చింది, మాటలు వచ్చాయి, అక్క మాత్రం రాలేదు, ఫోను చేస్తే ఉండవే లోకా, ఈడు గడప దాటి పోతా ఉండాడు, మళ్ళీ జేస్తా అంటుంది, ఎట్లుండావు అని అడిగితే తను బాగుండాను అంటుంది, అంతకంటే ఏమంటుంది, పాలవాడికి కూడా తన మొహం తెలియదు, తాడు కట్టిన బుట్ట పైనుంచి దింపితే పాకెట్టు వేస్తాడు, పైకి లాక్కుంటుంది, కూరల బండికీ అదే బుట్ట, ఎంత సుఖం అనుకుంది మొదట్లో, మోకాళ్ళకు మంచిది అనుకుంది, ఒకరోజు ఫోనులో ఏదో కంపెనీ వాళ్ళు అప్పు కావాలా మేడం అని అడిగితే, వద్దు అన్నాక కూడా పెట్టెయ్యకుండా మీది ఏ ఊరమ్మా అని అడిగింది, అవతల పిల్ల టక్కున పెట్టేసింది, ఆ రోజు చాలాసేపు ఏడ్చింది, ఒంటరిగా ఉంది తను, ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

అలాంటిదానికి ఆ పుస్తకం దొరికింది, చదివినావిడ ఎవరో గాని వంటింట్లోనే చదివింది, పేజీల మూలలన్నీ పసుపు వేలిముద్రలు, మందాకిని గుడిసె కాలిన చోట చింతపండు మరక, పోపు మాడి ఉంటుంది ఆ పూట, తిన్నవాళ్ళు తిట్టి ఉంటారు, లోకేశ్వరి ఆ వేళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టింది, ఏమ్మా నీకూ ఇక్కడే ఏడుపొచ్చిందా అని, చదవడం అయ్యాక ఊడిన పేజీలు జిగురుతో అంటించి, దారం వదులైన చోట మళ్ళీ పొడిచి బిగించి, శనివారం సాయంత్రం తెచ్చి సరిగ్గా తీసిన చోటే పెట్టింది, మర్నాడు పొద్దున వచ్చి చూస్తే దాని పక్కనే రెండో కట్ట, అదే దారం, అదే పసుపు, అంటే ఆవిడ చూసింది, తను తీసుకుపోవడం చూసింది, బాగుచేసి పెట్టడం చూసింది, చదువుకో తల్లీ అని తరువాతిది పెట్టింది, కాకపోతే అన్నీ ఒకేసారి పెట్టవచ్చు కదా, వారానికి ఒకటే ఎందుకు, పత్రిక వచ్చినట్టే వారానికి ఒకటి, ఆ తమాషా తెలిసిన మనిషి, తన ఈడుది, తనలాగే మాట్లాడను దిక్కు లేనిది, ముందుగా మాట కలపడం సిగ్గయి ఈ బీరువాలోంచి చేయి చాపుతోంది, ఆ తరువాత మూడోది, నాలుగోది, లోకేశ్వరి వాటికి కొత్త అట్టలు వేసింది, చిరిగిన మూలలకు బట్ట అతికించింది, వారమంతా అదే పని, అదే ధ్యాస, మనసులోనే ఆవిడకు చామనచాయ ముఖం పెట్టింది, చిన్న ముక్కుపుడక పెట్టింది, ఈ బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది, ఆ పడవ వాణ్ణి నమ్మొద్దని నేను మొదటి వారమే అనుకున్నానమ్మా అని ఆవిడ అంటే, నేనూ అనుకున్నా, మా అక్క వినలేదు అని తను నవ్వింది, ఒక్కతే, ఎంగిలి కంచం ముందు కూర్చుని, పిచ్చిదానిలాగా, అయినా బాగుండింది, ఇక మిగిలింది ఒక్క కట్టే, ఇవాళ వస్తుంది, ఇవాళ పలకరించకపోతే ఇంకెప్పుడు.

మోటారు సైకిలు ఆగింది, ఎవరో మొగాడు, నలభై ఏళ్ళుంటాయి, కంపెనీ వాళ్ళిచ్చే నీలం చొక్కా, హెల్మెట్టు తీయకుండానే లోపలికి వచ్చి, చేతి సంచిలోంచి క్యాలెండరు అట్ట కట్ట తీసి, బీరువా తలుపు తెరిచి, కింది అరలో ఖాళీ ఎక్కడుంటే అక్కడ దూర్చాడు, ఖాళీ ఉన్నది లోకేశ్వరి అలా సర్ది పెట్టిన చోటే, ఇతణ్ణి పంపింది కాబోలు ఆవిడ, ఒంట్లో బాగులేక కొడుకునో అల్లుణ్ణో పంపి ఉంటుంది, లేచి గబగబా పోయి, ఏం నాయనా, అమ్మ రాలేదా అని అడిగింది, ఎన్నాళ్ళ పరిచయమో ఉన్నట్టు, అతను హెల్మెట్టు తీసి తెల్లబోయి చూశాడు, ఏ అమ్మ అన్నాడు, ఈ పుస్తకాలు పంపే ఆమె అన్నది, అతను మెల్లగా, మాయమ్మవేనమ్మా ఇవి, మాయమ్మ లేదు, సంకురాత్రికి ముందే పోయింది అన్నాడు.

ముక్కుపుడక పోయింది, చామనచాయ ముఖం పోయింది, బల్ల మీద పక్కన ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు, చచ్చిపోయిన మనిషితోనా ఇన్నాళ్ళూ తను మాట్లాడింది, బాగుచేసి పెడుతుంటే చూడలేదా ఎవరూ, నువ్వు పెట్టినవి మళ్ళీ తీసి చూశావా నాయనా అని అడిగింది, లేదమ్మా, ఎవురన్నా తీసుకోని పోతా ఉండారా లేదా అని గూడ సూళ్ళేదు, పెట్టేసి ఎల్లిపొయ్యేవాణ్ణి, సూస్తే మళ్ళీ ఇంటికి ఎత్తుకోని పోతానని బయం అన్నాడు, పేరు గిరి అన్నాడు, తమది తడ దగ్గర పల్లె అని, తను శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి పోతాడని, భార్యకు ఇక్కడ ఆస్పత్రిలో ఉద్యోగం కాబట్టి కాపురం ఇక్కడ పెట్టారని, అడక్కుండానే చెప్పాడు, ఎవరికో చెప్పాలని అతనికీ ఉన్నట్టుంది, మరి వారానికి ఒకటే ఎందుకు పెట్టావు అని అడిగింది లోకేశ్వరి, అడక్కుండా ఉంటే బాగుండేది, నాకు తెలుగు సదవను రాదమ్మా, మాట్లాడేది తెలుగే గాని నేను సదివింది అరవ బడిలో, మా ఊరికి ఆ బడే దగ్గర, మా పాప ఒకటో తరగతి పుస్తకం ముందర పెట్టుకోని, ఒక్కో అక్షరమూ కూడబలుక్కోని సదివినా, ఒక్కో కట్టకి నాకు వారం పట్టింది, మాయమ్మ పొయ్యి కాడ కూసోని ఇయ్యి సదవతా ఏడ్సేది, నవ్వేది, ఏందిమా అని అడిగితే నీకు తెలీదు పోరా అనేది, ఏముండాదో తెలుసుకుందామని, అని ఆగి, సదివేసినాక ఇంట్లో పెట్టుకుంటే దినామూ తీసి ఏడస్తా ఉండానని మా ఆవిడే ఈ బీరువా సంగతి జెప్పింది అన్నాడు, లోకేశ్వరి తన కోసం అనుకున్న వారాలన్నీ ఇతని కూడబలుకుళ్ళు, తను అనుకున్న చేయి ఎవరిదీ కాదు.

కానీ ఆకరి వారం లేదమ్మా అన్నాడు గిరి, ఈ కట్ట సూడండి, పడవ వచ్చి ఒడ్డుకి తగిల్తింది, మందాకిని దీపం ఎత్తి పట్టుకోని సూస్తా ఉంటింది, ఆడితో సరి, ఆ వారం పత్రిక మాయమ్మకి దొరకలేదంట, ఆ వారమే నేను పుట్టినా, ఆస్పత్రిలో ఉండిపోయింది, మళ్ళీ ఎంత ఎతికినా దొరకలేదు, మీరు ఇదంతా సదివినట్టుండారే, మీకు తెలుసా, ఆ పడవలోనుంచి ఎవురు దిగినారు, అని అడుగుతున్నాడు, తెలుసు, ఎందుకు తెలియదు, ఆ వారం పత్రిక ఇద్దరూ చదివాక అక్క నీళ్ళ పొయ్యిలో పడేసింది, ఇంత ఎదురు చూపించి ఇదా వీడు రాసింది అని, కళ్ళ ముందు ఉంది, మొగుడే దిగాడు, మందాకిని అతని కాళ్ళ మీద పడింది, అతను లేవదీశాడు, నాలుగు ముక్కల్లో అయిపోయింది, అదే చెప్పబోయింది, నోరు తెరిచింది, తెరిచాక వచ్చింది వేరే మాట, గుర్తు లేదు నాయనా, ఎప్పటి సంగతో కదా, ఆలోచించి పెడతా, వచ్చే ఆదివారం రా, చెబుతా, అన్నది, అవునా అమ్మా, ఖచ్చితంగా వస్తా అని గిరి ముఖం ఎలా వెలిగిందో, ఇన్నాళ్ళకు తన కోసం ఒక మనిషి వస్తానన్నాడు, వచ్చే ఆదివారం వస్తాడు, అప్పటికి సగం చెప్పవచ్చు, దీపం పట్టుకుంది, నీళ్ళలో నీడ కనబడింది అని అక్కడ ఆపవచ్చు, ఇంకో ఆదివారం, ఆ పైన ఇంకోటి, వయసైంది మరిచిపోయానంటే ఎవరు కాదంటారు, లోపల ఏదో గంతులు వేసింది, ఇంట్లో వారమంతా చేయడానికి పని దొరికింది.

గిరి బండి దాకా పోయి ఆగాడు, హెల్మెట్టు పెట్టుకోకుండా దాని పట్టీ లాగుతూ బీరువా వైపే చూస్తున్నాడు, ఏం చేస్తున్నావే లోకేశ్వరీ నువ్వు, తల్లి పోయి ఏడుస్తున్నవాడికి ఆ తల్లి కథలో నాలుగు ముక్కలు బాకీ ఉంటే, అవి తెలిసి కూడా దాచుకుంటావా, దేనికి, ఒక్క పూట ఎవరో వచ్చి బల్ల దగ్గర నిలబడతారనా, వారమంటే ఎంతో నీకు తెలియదా, ఖాళీ ఇంట్లో వారమంటే ఎంతో ఈ ఊళ్ళో నీకు తెలిసినంత ఎవరికి తెలుసు, అతను కూడా ఇవాళ రాత్రి నుంచీ ఆ పడవ దగ్గరే నిలబడతాడు, ఇంత దిగజారావా, ఎర వేసి మనుషుల్ని పట్టుకునే దాకా వచ్చావా, అడగవచ్చు కదా, అడగడానికి ఏం పోయింది, హాస్టల్లో అందరూ వచ్చి నిన్ను అడిగేవాళ్ళు, నువ్వు సరేననో వల్లకాదనో అనేదానివి, నువ్వెప్పుడు ఎవరిని ఏం అడిగావు, అక్కా, నాకు తోచడం లేదే, ఒక్క వారమన్నా వచ్చి ఉండవే అని ఒక్కసారి అన్నావా, బాగుండాను అన్నావు, బాగుండాను బాగుండాను అని చెప్పీ చెప్పీ అక్కను అక్కడే కట్టిపడేశావు, పొద్దున మునిరామయ్య టిపినయిందా అంటే అయిందన్నావు, ఆయన నిలబడితే తల తిప్పుకున్నావు, బుట్ట దింపి పాలు లాక్కుని, నా మొహం ఎవరూ చూడరని ఏడ్చావు, కళ్ళు మండాయి, అడుగులు వాటంతట అవే పడ్డాయి, గిరీ, గిరీ నాయనా ఆగు అని అరిచింది, ఎన్నాళ్ళకు అంత గట్టిగా అరిచిందో, చెట్టు కింద కుక్క లేచి నిలబడింది.

అబద్ధం చెప్పినాను నాయనా, నాకు గుర్తుండాది, దిగింది మొగుడే, ఆమె కాళ్ళ మీద పడింది, ఆయప్ప లేపినాడు, ఇద్దరూ ఇంటికి పోయినారు, అంతే, అన్నది ఒక్క గుక్కలో, అంతేనా అన్నాడు గిరి, అంతే, మా అక్క పత్రికను పొయ్యిలో పెట్టింది, అతను ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు, నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, మాయమ్మకి దొరకకపోయిందే మంచిదయింది, చిన్నప్పుడు పొణుకునేటప్పుడు ఆ ఆకరి వారమొక్కటే, ఒక్కో తూరి ఒక్కో మాదిరి జెప్పేది, ఎక్కువ తూర్లు మాత్రం, ఆ వారం పడవలోనుంచి దిగింది నువ్వేరా, నిన్ను ఎత్తుకునేదానికే మందాకిని దీపం ఆర్పేసింది అనేది, నేను నిజమనుకుంటి అన్నాడు, లోకేశ్వరి కూడా నవ్వింది, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు, కట్టలు అయిపోయాయి, కథ అయిపోయింది, అతణ్ణి ఆపడానికి చేతిలో ఏమీ లేదు, అతను హెల్మెట్టు చేతిలోకి తీసుకున్నాడు, వస్తానమ్మా అన్నాడు, బుగ్గలు వేడెక్కాయి, అరవై ఏళ్ళ మనిషికి ఇంత సిగ్గేమిటి, ఊరుకుంటే ఈ క్షణం కూడా పోతుంది, పోయాక మళ్ళీ ఆ మెట్లు, ఆ తాళం, నేనొక్కదాన్నే ఉంటాను నాయనా, మాట్లాడను ఎవరూ లేరు, నాకు చాలా కష్టంగా ఉండాది, ఇల్లు దగ్గరే, ఈ వీధిలోనే, నీ భార్యనూ పాపనూ పిలుచుకోని ఒకసారి రా, ఊరికే రా, అన్నది, ఆ మాటలు బయటికి పోయి అక్కడ నిలబడ్డాయి, భూమి బద్దలు కాలేదు, అతను నవ్వలేదు, బండి మీద నుంచి సంచి తీసి పక్కన పెట్టి ఏ ఇల్లమ్మా అని అడుగుతున్నాడు, వస్తాడో రాడో ఇంకా తెలియదు, అయినా ఒళ్ళు తేలికైంది, తన జన్మలో మొదటిసారి తనే ఒక మనిషిని పిలిచింది.